నల్ల బట్ట టాప్ మీద మొండి మరకలు: ఏ మరకకు ఏ వైద్యం?

వానగాలి

అందరికీ నమస్కారం. పైకప్పు మడిచి తెరవగలిగే కారు, అదే కన్వర్టిబుల్, పాతది ఒకటి ఈ మధ్యే తీసుకున్నాను. ఇంజిను నిక్షేపంగా ఉంది, బాడీ రంగు కూడా బాగా నిలిచింది. టాప్, అంటే ఆ మడిచే పైకప్పు దగ్గరికి వచ్చేసరికే ప్రాణం ఉసూరుమంటోంది. నల్ల బట్ట టాప్. వెనకటి యజమాని బండిని చెట్టు కింద పెట్టి చాలాకాలం కదపలేదట. ఆ చెట్టు చేసిన పనులన్నీ టాప్ మీద కనిపిస్తున్నాయి.

వెనక అద్దం చుట్టూ, కుట్ల వెంబడి పచ్చగా పాచి పట్టింది. అక్కడక్కడా పక్షి రెట్టలు ఎండిపోయి తెల్లగా అంటుకుని ఉన్నాయి. చెట్టు బంక చుక్కలు గట్టిపడి చేతికి గరుగ్గా తగులుతున్నాయి. నడిమధ్యలో జానెడు వెడల్పున గోధుమరంగు వలయం ఒకటి. మడత పడేచోట రెండువైపులా తెల్లటి గీతలు. చిరుగు మాత్రం ఎక్కడా లేదు, వానకు కారడమూ లేదు.

తెలిసినవాళ్లలో ఒకరు బ్లీచ్ కలిపిన నీళ్లతో తోమేయమన్నారు. ఇంకొకరు ప్రెషర్ వాషర్ పెడితే క్షణంలో వదిలిపోతుందన్నారు. రెండింటికీ చేయి రావడం లేదు. ఈ టాప్‌ని ఎలాగైనా దక్కించుకోవాలని ఉంది. ఏది ముందు చేయాలి, దేని జోలికి అసలు పోకూడదు, దయచేసి చెప్పండి.

కుంచె

ఆ రెండింటి జోలికీ పోకపోవడం మంచిదైంది. మొదట చిన్న పరీక్ష చేయండి. మరక లేని చోట కాసిన్ని నీళ్లు చల్లండి. చుక్కలు గుండ్రంగా నిలబడి జారిపోతే, నీటిని ఆపే పూత ఇంకా ఉన్నట్టు. ఇంకిపోయి బట్ట ముదురు రంగుకు తిరిగితే పూత పోయినట్టు. ఎంతసేపటికీ ఇంకకుండా పలచగా పరచుకుని, గుడ్డతో తుడిస్తే ఆనవాలు లేకుండా పోతే అది నేత బట్ట కాకుండా వినైల్ (రెక్సిన్ లాంటి ప్లాస్టిక్ షీటు) అయి ఉండొచ్చు. దాని పద్ధతి వేరు.

వానగాలి

ఇప్పుడే చూశాను. వెంటనే ఇంకిపోయింది. దగ్గర నుంచి చూస్తే ఏటవాలు నేత గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, కాబట్టి బట్టే.

పడుగుపేక

నేను బట్టల పరిశ్రమలో పనిచేస్తాను, కాబట్టి శుభ్రం చేసే పద్ధతి కంటే ముందు ఆ బట్ట ఏమిటో చెబుతాను. అది తెలిస్తే ఏది పనికొస్తుందో ఏది చెరుపు చేస్తుందో మీకే తెలిసిపోతుంది.

కన్వర్టిబుల్ టాప్‌లో మనకు కనిపించేది పై పొర ఒక్కటే. కింద ఇంకో రెండు ఉంటాయి. పైన యాక్రిలిక్ నూలు నేత, మధ్యలో పలచటి రబ్బరు పొర, లోపలివైపు కాటన్ లేదా పాలియెస్టర్ కలిసిన బట్ట. ఈ మూడింటినీ కలిపి అతికిస్తారు. హార్ట్జ్ వారి స్టేఫాస్ట్, జర్మనీ తరహా సొన్నెన్‌ల్యాండ్ లాంటివన్నీ ఈ కోవకే చెందుతాయి. వాన నీటిని నిజంగా ఆపేది మధ్యలో ఉన్న రబ్బరే. అందుకే మీ పై పొర నీళ్లు పీల్చుకుంటున్నా లోపల కారడం లేదు.

పై పొర యాక్రిలిక్‌కు రంగు వేసే తీరు మామూలు బట్టలా ఉండదు. పోగు తీయకముందే, ద్రవంగా ఉన్న దశలోనే రంగు కలిపేస్తారు. పోగును అడ్డంగా కోసి చూసినా లోపలి దాకా అదే నలుపు. కాబట్టి ఎండకైనా సబ్బుకైనా ఆ రంగు అంత తేలిగ్గా లొంగదు. మీరు చూస్తున్న మరకల్లో చాలావరకు పోగు లోపలికి వెళ్లినవి కావు. పోగుల మధ్య సందుల్లో చిక్కుకున్నవి, లేదా పోగు పైన అంటుకున్నవి. అంటే వదులుతాయి. గట్టిగా రుద్దడం కంటే నాననివ్వడం, సందుల్లోంచి బయటికి లాగడం ముఖ్యం.

పాచి, బూజు కూడా యాక్రిలిక్‌ను తిని బతకవు. నేతలో ఇరుక్కున్న దుమ్ము, పుప్పొడి, ఆకుల పొడి వాటికి ఆహారం. ఆ మురికి ఉన్నంతకాలం మందు ఏది కొట్టినా మళ్లీ వస్తాయి.

ఇందులో బలహీనమైనవి కుట్టు దారం, రబ్బరు పొర, లోపలి కాటన్. టాప్‌లు ముందుగా అక్కడే పాడవుతాయి. ఏ మందు వాడాలన్నా "రంగు పోతుందా" అని కాకుండా "కుట్టుకీ రబ్బరుకీ పడుతుందా" అని అడగండి.

పనిముట్టు

పడుగుపేక గారు పునాది వేసేశారు, ఇక పని పద్ధతి నేను చెబుతాను. బండ్లు శుభ్రం చేయడమే నా వృత్తి.

ఎండలో, వేడెక్కిన టాప్ మీద ఎప్పుడూ మొదలుపెట్టకండి. సబ్బు మీ చేయి పడేలోపే ఎండిపోయి తెల్ల చారలు కడుతుంది. నీడపట్టున, చల్లగా ఉన్నప్పుడు, టాప్ పూర్తిగా వేసి బిగించి, కిటికీలన్నీ మూసి చేయండి.

మొదటి పని తడి చేయడం కాదు, పొడిగా దులపడం. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా గొట్టం పెట్టేస్తారు. అప్పుడు పైనున్న దుమ్మంతా బురదై నేత సందుల్లోకి దిగుతుంది. మెత్తని బ్రష్ తగిలించిన వాక్యూమ్‌తో కుట్ల వెంబడి, అద్దం అంచుల్లో నిదానంగా లాగండి. పుప్పొడి ఉన్నచోట మరీ జాగ్రత్త. తడి తగిలిందంటే పసుపు మరకగా దిగుతుంది. జిగురు టేపును తిరగేసి అద్ది ఎత్తేస్తే చాలా వరకు వచ్చేస్తుంది.

తర్వాత మామూలు ఒత్తిడితో నీళ్లు. టాప్ మొత్తం తడవాలి, మరక ఉన్నచోటు ఒక్కటే కాదు. అక్కడితోనే ఆపేస్తే, శుభ్రమైన చోటికీ మురికి చోటికీ మధ్య గీత పడుతుంది. ఆ గీతను తీయడం అసలు మరకను తీయడం కంటే కష్టం.

షాంపూ విషయంలో బట్ట టాప్‌ల కోసమే చేసినది, ఆమ్లమూ క్షారమూ కాని తటస్థమైనది తీసుకోండి. గిన్నెలు కడిగే సబ్బు, బట్టలు ఉతికే పౌడరు వద్దు. మొదటిది మిగిలి ఉన్న కాస్త పూతనూ ఊడ్చేస్తుంది. రెండోదాంట్లో బట్ట తెల్లగా కనిపించేందుకు కలిపే మెరుపు పదార్థాలు ఉంటాయి. అవి నల్ల బట్ట మీద పేరుకుంటే ఆరాక బూడిదరంగు తెరలా కనిపిస్తాయి. మైనం కలిపిన కార్ షాంపూ కూడా వద్దు. అది పెయింటు కోసం చేసింది, బట్ట మీద పడితే అదే ఒక మరక. వేడి మైనం చల్లే ఆటోమేటిక్ వాష్‌కు బట్ట టాప్ బండిని తీసుకెళ్లకూడదని చెప్పేది కూడా ఇందుకే.

బ్రష్ గుర్రపు వెంట్రుకలది గానీ, అంత మెత్తనిది ఇంకేదైనా గానీ. నైలాన్ గట్టి బ్రష్ పోగులను రేపి నూగు లేపుతుంది. తెల్లటి మెలమైన్ స్పాంజి మరకను తుడిచినట్టే కనిపిస్తుంది గానీ నిజానికి సన్నని గరుకు కాగితం చేసే పనే చేస్తుంది. టాప్‌ను కుట్టు నుంచి కుట్టు వరకు భాగాలుగా చూసుకుని, ఒక్కో భాగం పూర్తిగా ముగించి రెండోదానికి వెళ్లండి. నేత వాలు వెంబడి, నురగ మీద తేలుతున్నట్టుగా బ్రష్ నడపాలి. చేతి బలం పెట్టొద్దు.

జాడించడం దగ్గర బద్ధకించకండి. కిందికి జారే నీళ్లలో నురగ పూర్తిగా ఆగేదాకా పోయాలి. బట్టలో మిగిలిన సబ్బు జిడ్డులా పనిచేసి కొత్త దుమ్మును లాక్కుంటుంది. ఆ తర్వాత తడి లాగే వాక్యూమ్ ఉంటే మొత్తం పీల్చేయండి. లేకపోతే నూగు రాలని గుడ్డతో అద్ది తీయండి.

పూర్తిగా ఆరేదాకా టాప్ మడవకండి. పైకి పొడిగా అనిపించినా కుట్ల దగ్గర తడి ఉంటుంది. తడి మీద మడిస్తే మడతల్లో బూజు పుడుతుంది, ముడతలూ నిలిచిపోతాయి.

లక్ష్మి_ఎమ్

ఉతకడానికి ముందే బంక, రెట్టల సంగతి చూసుకోండి వానగాలి గారూ. లేకపోతే బ్రష్ వాటిని నలుదిక్కులా పులుముతుంది.

రెట్టల్లో తెల్లగా కనిపించేది ఎక్కువగా యూరిక్ ఆమ్లం. నీళ్లలో అంత తొందరగా కరగదు, అందుకే ఒకసారి నీళ్లు పోసి రుద్దితే లాభం ఉండదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను మడత పెట్టి దాని మీద పరచి, చాలాసేపు వదిలేయండి. గుడ్డ ఆరిపోతుంటే మళ్లీ తడపండి. మెత్తబడ్డాక పైకి ఎత్తినట్టుగా తీయాలి. రెట్టలో ఇసుక రేణువులూ గింజల ముక్కలూ ఉంటాయి. అడ్డంగా గీకితే పోగులు తెగుతాయి. నీళ్లు మరీ వేడిగా వద్దు, చేయి హాయిగా పెట్టగలిగినంతే.

బంకకు మొదటి మందు మంచుముక్క. ప్లాస్టిక్ సంచిలో మంచుముక్కలు వేసి చుక్క మీద పెట్టండి. బాగా చల్లబడితే బంక పెళుసెక్కుతుంది. అప్పుడు మొద్దు అంచున్న ప్లాస్టిక్ ముక్కతో పైపైన విరగ్గొడితే పెళ్లలుగా లేస్తుంది. మిగిలిన జిగటకు ఐసోప్రొపిల్ ఆల్కహాల్. దాన్ని టాప్ మీద పోయకుండా తెల్ల గుడ్డకు అద్దుకుని, మరక అంచు నుంచి మధ్యకు ఒత్తుతూ రావాలి. గుడ్డకు పసుపు అంటుతుంటే పని జరుగుతున్నట్టే. ప్రతిసారీ గుడ్డలో కొత్త చోటు వాడండి. ముందుగా టాప్ లోపలి అంచులో, కనపడనిచోట ఒకసారి పరీక్షించి చూడటం మరవకండి.

చక్రధర్

లక్ష్మి గారూ, బంకకు పెట్రోలు గానీ కిరోసిన్ గానీ ఇంకా తొందరగా పనిచేస్తాయి కదా? పెయింటు మీద అలాగే తీస్తుంటాం.

పడుగుపేక

చక్రధర్ గారూ, బట్ట టాప్ మీద మాత్రం అస్సలు వద్దు. పెట్రోలు, కిరోసిన్, టర్పెంటైన్, థిన్నర్ అన్నీ మధ్య రబ్బరును ఉబ్బిస్తాయి, పొరలను అతికించిన జిగురును వదులు చేస్తాయి. పైకి ఏమీ కనిపించదు. కొన్నాళ్లకు ఆ చోట బట్ట బుడగలా లేస్తుంది, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆల్కహాల్‌ను ఈ రబ్బరు బాగానే తట్టుకుంటుంది, తొందరగా ఆవిరైపోతుంది కూడా. లక్ష్మి గారు దాన్నే చెప్పడం అందుకే సరైనది. తారు మరకలదీ ఇదే కథ. తారు తీసే మందుల్లో చాలావాటిలో పెట్రోలియం ద్రావకాలే ఉంటాయి, కాబట్టి సీసా మీద బట్ట టాప్‌కు పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాడకండి.

చక్రధర్

అర్థమైంది, ధన్యవాదాలు. అయితే బ్లీచ్ మీద నాకో సందేహం మిగిలింది. ఎండ పందిళ్లకూ పడవల కప్పులకూ వాడే సన్‌బ్రెల్లా కూడా ఇదే రకం యాక్రిలిక్. బూజుకు పలచటి బ్లీచ్ వాడొచ్చని దాని తయారీదారులే చెబుతారు. మరి కారు టాప్‌కు ఎందుకు పనికిరాదు?

టాప్_దర్జీ

టాప్‌లు కుట్టి బిగించడమే నా పని కాబట్టి దీనికి నేను జవాబు చెబుతాను. చక్రధర్ అన్నా, మీరు చెప్పింది నిజమే. యాక్రిలిక్ పోగు బ్లీచ్‌కు తట్టుకుంటుంది. కానీ ఎండ పందిరి ఒంటి పొర బట్ట. దానికింద రబ్బరూ కాటనూ ఉండవు, రోజూ మడతలు పడదు, కిందివైపు నుంచి కూడా నీళ్లు పోసి కడగొచ్చు. కారు టాప్‌ను వెనకవైపు నుంచి జాడించే దారి లేదు. లోపలికి దిగిన బ్లీచ్ అక్కడే ఉండి కాటన్‌ను, దారాన్ని కొరుకుతూ ఉంటుంది. అంచుల వెంబడి ఫ్రేము మీదికి కారితే ఇనుముకు తుప్పు పట్టిస్తుంది.

నా దగ్గరికి వచ్చే టాప్‌లలో బట్ట బాగుండి కుట్టు విడిపోయినవి చాలా ఉంటాయి. దారం చేత్తో లాగితే పొడిగా రాలిపోతుంది. అలాంటిదాన్ని మళ్లీ అదే రంధ్రాల్లోంచి కుట్టాలంటే నరకం. కొత్తగా రంధ్రాలు పడితే వాటిలోంచి నీళ్లు దిగుతాయి.

పాచికి, బూజుకు తెల్ల వెనిగర్ సరిపోతుంది. ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు. చల్లి, కాసేపు నాననిచ్చి, మెత్తని బ్రష్‌తో తోమి, బాగా జాడించండి. ఒక్క దెబ్బకు పోకపోవచ్చు, రెండోసారి చేయండి. ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది: ఇదివరకు ఎవరైనా బ్లీచ్ వాడిన టాప్ మీద, అది పూర్తిగా జాడించకుండా వెనిగర్ చల్లొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో అయితే మరీ ప్రమాదం.

ప్రెషర్ వాషర్ దగ్గర నుంచి పెడితే పోగులు చీలతాయి, కుట్టు రంధ్రాలకు వేసిన సీలు లేచిపోతుంది. వెనక గాజు అద్దాన్ని బట్టకు జిగురుతో అతికించిన బండ్లు చాలా ఉన్నాయి, ఆ అంచు ఊడితే చిన్న పని కాదు. ఆవిరి యంత్రం కూడా అంతే, వేడికి జిగురు సడలుతుంది.

టాప్ కడిగే ముందు డ్రెయిన్ రంధ్రాలు చూడండి. టాప్ వెనక అంచు నుంచి జారిన నీళ్లు గొట్టాల ద్వారా కిందికి పోతాయి. చెట్టు కింద ఉన్న బండిలో ఆకుల పొడి అక్కడ చేరి గట్టిపడి ఉంటుంది. అది మూసుకుపోయి ఉండగా మీరు టాప్ కడిగితే ఆ నీళ్లన్నీ సీట్ల వెనక్కి, కార్పెట్ కిందికి చేరతాయి. మెత్తని ప్లాస్టిక్ తీగతో నిదానంగా పొడవండి. ఇనప తీగ పెడితే గొట్టం లోపలే ఊడిపోవచ్చు.

కుంచె

డ్రెయిన్ల మాటకు చేతులెత్తి దండం పెట్టాలి. టాప్ శుభ్రం చేయడం గురించి రాసేవాళ్లు ఎక్కువగా దీన్ని వదిలేస్తారు.

వానగాలి

మీరంతా ఇంత ఓపికగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. చెప్పిన వరుసలోనే చేశాను. డ్రెయిన్లు రెండూ మూసుకుపోయే ఉన్నాయి, నల్లటి మట్టి ముద్దలుగా వచ్చింది. దర్జీ గారు చెప్పకపోతే లోపలంతా తడిసేది.

పాచి పూర్తిగా పోయింది. అద్దం మూలల్లో మాత్రం రెండోసారి వెనిగర్ పెట్టాల్సి వచ్చింది. రెట్టలు నానబెట్టాక పొరలా లేచిపోయాయి. బంకలో పెద్ద చుక్కలు మంచుముక్కకే ఊడాయి, చిన్నవాటికి ఆల్కహాల్ సరిపోయింది.

గోధుమరంగు వలయం మాత్రం వింతగా ఉంది. తడిగా ఉన్నప్పుడు కనిపించలేదు, పోయిందనే అనుకున్నాను. ఆరాక మళ్లీ అక్కడే తేలింది, అంచు ఇంకా ముదురుగా ఉంది. మడతల దగ్గరి తెల్ల గీతలు కూడా మారలేదు.

పడుగుపేక

వలయం తిరిగి రావడం మంచి సూచనే, ఎందుకంటే అది కదులుతోంది. మురికి నేత అడుగున ఉంది. మీరు తడిపినప్పుడు నీళ్లలో కరుగుతుంది. ఆరేటప్పుడు నీరు పైకి, అంచుల వైపుకి ప్రయాణిస్తూ ఆవిరవుతుంది, తనతో తెచ్చిన మురికిని అక్కడే వదిలేస్తుంది. అంచు ముదురుగా కనిపించేది అందుకే. గాలికి ఆరనిస్తే ఎన్నిసార్లు కడిగినా ఇదే జరుగుతుంది.

మార్గం ఏమిటంటే, ఆ నీటిని ఆవిరి కానివ్వకుండా బయటికి లాగేయడం. ఆ భాగం మొత్తాన్ని కుట్టు నుంచి కుట్టు వరకు పలచటి షాంపూ నీళ్లతో తడిపి, తడి వాక్యూమ్‌తో పీల్చండి. మళ్లీ మంచినీళ్లతో తడిపి మళ్లీ పీల్చండి. డబ్బాలో పడే నీరు తేటగా వచ్చేదాకా ఇదే పని. చివరిసారి డిస్టిల్డ్ వాటర్ వాడితే ఉప్పు చారలు కూడా మిగలవు. వాక్యూమ్ దొరకకపోతే, తెల్లటి పొడి గుడ్డను నాలుగు మడతలు వేసి తడి చోట పరచి పైన కొంచెం బరువు పెట్టండి. మురికి ఆ గుడ్డలోకి ఎక్కుతుంది.

కుంచె

వలయం రంగు నారింజ వైపు ఉంటే అది తుప్పు కావచ్చు. ఆ చోటికి సరిగ్గా కింద ఫ్రేము అడ్డకమ్మీ ఉందేమో చూడండి. తుప్పుకు షాంపూ పనిచేయదు, నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లు కావాలి. నీళ్లలో పలచగా కలిపి అద్ది, కొద్దిసేపు ఉంచి, ధారాళంగా జాడించాలి. ఆమ్లం కాటన్‌లో ఆరిపోయేలా వదలకూడదు. చేతికి గ్లవ్స్ వేసుకోండి.

పనిముట్టు

దీనికి ఒక చిన్న చేర్పు. చక్రాల మీద ఇనుప రజను తీసే స్ప్రే తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది, మీకు తెలిసే ఉంటుంది. ఇనుమా కాదా తేల్చుకోవడానికి దూది పుల్లకు ఆ మందు కొంచెం అద్ది మరక అంచుకు తాకించండి. రంగు మారితే ఇనుమే. అది పరీక్షకు మాత్రమే. టాప్ మొత్తం చల్లకండి, వెంటనే కడిగేయండి.

వానగాలి

ఊదారంగు రాలేదు, కింద కమ్మీ కూడా లేదు. కాబట్టి తడిపి పీల్చే పద్ధతినే పట్టుకున్నాను. మొదట్లో డబ్బాలో వచ్చిన నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఆకుల రసమే అనుకుంటాను. తేటబడేదాకా చేశాను. ఇప్పుడు ఆరాక, ఫలానా చోట ఉండేదని తెలిసిన నాకు తప్ప ఇంకెవరికీ కనిపించదు.

ఇక తెల్ల గీతలు. వీటికేం చేయాలి?

టాప్_దర్జీ

అవి మరకలు కావు. టాప్ మడిచినప్పుడల్లా బట్ట ఒకదానికొకటి రాసుకుని, లేదా ఫ్రేముకు తగిలి, పోగుల పైభాగం అరిగింది. అరిగి నూగు లేచిన పోగు వెలుతురును వేరుగా తిప్పుతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. తడిపితే గీత మాయమై, ఆరాక వస్తుందా? అదే గుర్తు. ఏ షాంపూ కూడా దాన్ని తీయలేదు, తీయాలని తోమితే ఇంకా అరుగుతుంది.

లోపలివైపు నుంచి చేయి పెట్టి, ఆ గీత దగ్గర బట్ట పలచబడిందేమో తడిమి చూడండి. మందం మామూలుగానే ఉంటే భయం లేదు. అయితే ఎక్కడ రాసుకుంటుందో కనిపెట్టాలి. టాప్ నెమ్మదిగా మడుస్తూ చూడండి. చాలా బండ్లలో లోపల బట్టను లాగి పట్టుకునే ఎలాస్టిక్ పట్టీలు సాగిపోయి, బట్ట ఫ్రేము కీళ్ల మధ్యకు జారుతుంది. ఆ పట్టీలు మార్చడం తేలిక, చవక కూడా. మార్చకపోతే ఆ గీత చిరుగవుతుంది.

పనిముట్టు

తెల్ల గీతలు కనిపించకుండా చేయాలంటే రంగు పునరుద్ధరించే ద్రవాలు ఉన్నాయి. రెనోవో సాఫ్ట్ టాప్ రివైవర్ అలాంటిదే. బ్రష్‌తో పూస్తారు. నల్ల టాప్‌కు చాలా తేడా వస్తుంది.

టాప్_దర్జీ

వస్తుంది, కాదనను. కానీ ఈ బండికి నేను వద్దనే చెబుతాను. వానగాలి గారి టాప్ రంగు ఇంకా బాగుంది, రెండు గీతల కోసం మొత్తానికి రంగు పూయడం దేనికి? పైన రంగు పొర పడితే బట్ట నేత కనిపించే ఆ అందం తగ్గుతుంది, తర్వాత ఉతికిన ప్రతిసారీ అది కొద్దికొద్దిగా దిగుతుంది, మళ్లీ పూయాల్సి వస్తుంది. మొత్తం టాప్ గోధుమరంగుకు తిరిగి వెలిసిపోయినప్పుడు ఆ సీసా తీయాలి.

పనిముట్టు

ఇందులో మనిద్దరి చూపు వేరు అన్నా. అమ్మే ముందు బండి కళగా కనిపించాలనుకునేవాళ్లు నా దగ్గరికి ఎక్కువ వస్తారు. సొంతానికి ఉంచుకునే బండికి మీ మాటే బాగుంది. ఒక్కటి మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం: మురికి పూర్తిగా తీయకుండా రంగు పూస్తే, ఆ మురికి శాశ్వతంగా లోపలే ఉండిపోతుంది.

వానగాలి

రంగు వద్దు, పట్టీలు మార్పిస్తాను. చూశాను, ఎడమవైపుది పూర్తిగా సాగిపోయి ఉంది. ఇక నీటిని ఆపే పూత వేయాలి కదా, ఏది వేయాలి?

పనిముట్టు

బట్ట కోసం చేసినదే కావాలి. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది 303 అనే బ్రాండు దగ్గర. 303 ఫ్యాబ్రిక్ గార్డ్ బట్టకు, 303 ఏరోస్పేస్ ప్రొటెక్టెంట్ వినైల్‌కు, రబ్బరుకు, ప్లాస్టిక్‌కు. పేరు చూసి రెండోది తెచ్చి బట్ట మీద కొట్టకండి. సిలికాన్ స్ప్రేలు కూడా వద్దు. వాటి మీద తర్వాత ఇంకే పూతా పట్టదు.

టాప్ లోపలి దాకా పూర్తిగా ఆరి ఉండాలి. కడిగాక కనీసం ఒక పూర్తి రోజు పొడి వాతావరణంలో ఉంచండి. అద్దాలకూ పెయింటుకూ కాగితం కప్పి టేపు వేయండి, పడితే తీయడం కష్టం. మొదటి పొర సమంగా తడిసేలా చల్లి, అది ఆరాక పలచగా రెండో పొర. కుట్ల మీద ఇంకాస్త శ్రద్ధగా చల్లండి, నీళ్లు మొదట అక్కడే దిగుతాయి. ఆ తర్వాత 24 గంటలు వాన తగలకూడదు. గాలి ఆడే చోట, మూతికి మాస్కు పెట్టుకుని చేయండి.

లక్ష్మి_ఎమ్

ఈ పూతల్లో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయని, అవి ప్రకృతిలో నశించవని చదివాను. పిల్లలు తిరిగే ఇంట్లో నాకు అది కాస్త బెంగగా ఉంటుంది. వాటి సంగతేమిటి?

పడుగుపేక

మీ బెంగ న్యాయమైనదే లక్ష్మి గారూ. నీరు, నూనె రెండింటినీ ఆపే పూతలు దశాబ్దాలుగా ఆ కుటుంబం రసాయనాలతోనే వచ్చాయి. వాటిలో పాత రకాల నుంచి తప్పుకుంటామని, వాటిని తయారుచేసే అమెరికా కంపెనీ 3ఎమ్ 2000లోనే ప్రకటించింది. 2019లో ఆ కుటుంబానికే చెందిన పిఎఫ్‌ఓఏ అనేదాన్ని, ప్రకృతిలో నశించని కాలుష్యాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చారు. 2022 డిసెంబరులో 3ఎమ్, 2025 చివరికల్లా ఈ రసాయనాల తయారీ మొత్తం ఆపేస్తామని చెప్పింది.

ఇప్పుడు ఫ్లోరిన్ లేని పూతలు దొరుకుతున్నాయి, సీసా మీద ఆ మాట రాసి ఉంటుంది. అవి నీటిని బాగానే ఆపుతాయి. నూనె జిడ్డును మాత్రం పాతవాటిలా ఆపలేవు. అంటే బంక, ఫ్రేము గ్రీజు లాంటివి పడితే తొందరగా తుడవాల్సి ఉంటుంది, పూత కూడా ఇంకాస్త తరచుగా వేసుకోవాలి. వాన నీటి వరకైతే మీ కింద రబ్బరు పొర ఉండనే ఉంది. కాబట్టి నేనైతే ఫ్లోరిన్ లేనిదే ఎంచుకుంటాను. ఏది వాడినా క్యాలెండరు చూడకండి, నీటి చుక్కను చూడండి. చుక్క నిలబడకుండా ఇంకుతున్నప్పుడు మళ్లీ వేసే వేళ వచ్చినట్టు.

వానగాలి

ఫ్లోరిన్ లేనిదే తెచ్చి వేశాను. నిన్న వానలో నిలబడి చూస్తుంటే నీళ్లన్నీ జారిపోయాయి, బట్ట తడవలేదు. టాప్ చూసి ఇంత సంతోషం కలుగుతుందని అనుకోలేదు. మీ అందరికీ రుణపడి ఉంటాను.

సుధ

ఈ చర్చంతా చదివాను, చాలా ఉపయోగపడింది. నాది మొదటి తరం మాజ్డా ఎమ్ఎక్స్-5. టాప్ వినైల్, వెనక కిటికీ జిప్పుతో తెరుచుకునే మెత్తని ప్లాస్టిక్. కిటికీ పొగచూరినట్టు పసుపెక్కింది, టాప్ మీద నల్లటి బూజు చుక్కలు. ఇవే పద్ధతులు నాకూ వర్తిస్తాయా?

టాప్_దర్జీ

కొన్ని వర్తిస్తాయి, కొన్ని అస్సలు కాదమ్మా. 1989లో వచ్చిన ఆ మొదటి తరానికి ప్లాస్టిక్ కిటికీ ఉండేది, 1998లో రెండో తరంతో వేడి తీగల గాజు అద్దం వచ్చింది.

వినైల్ నీళ్లు పీల్చదు కాబట్టి ఉతకడం తేలిక. బూజు చుక్కలకు పలచటి వెనిగర్, మెత్తని బ్రష్ చాలు. ఆ తర్వాత బట్టకు వేసే పూత కాకుండా, ఎండను ఆపే వినైల్ ప్రొటెక్టెంట్ వాడండి. పైన పనిముట్టు గారు బట్టకు వద్దన్న ఏరోస్పేస్ రకం మీకు సరిగ్గా సరిపోతుంది.

కిటికీ విషయంలో మాత్రం పై సలహాల్లోని ఆల్కహాల్ దరిదాపులకు కూడా రానివ్వకండి. అమ్మోనియా ఉండే గ్లాస్ క్లీనరూ వద్దు. రెండూ ఆ ప్లాస్టిక్‌ను మసకబారుస్తాయి, గట్టిపరుస్తాయి. పొడి గుడ్డతో దుమ్ము తుడవకండి, ముందు నీళ్లు పోసి దుమ్ము జారనివ్వండి. తర్వాత ప్లాస్టిక్ పాలిష్‌ను మెత్తని గుడ్డతో, ఒకే దిశలో, పలచగా. పైపై మసక దాంతో చాలావరకు పోతుంది. ప్లాస్టిక్ లోపలి దాకా పసుపెక్కి ఉంటే పాలిష్‌తో తేట పడదు, ఆ కిటికీ భాగం ఒక్కటే మార్పించుకోవచ్చు, టాప్ మొత్తం మార్చక్కర్లేదు.

టాప్ దించే ముందు జిప్పు తీసి కిటికీని వెనక్కి చదునుగా పడుకోబెట్టండి, మధ్యలో మెత్తని తువ్వాలు పరచండి. చలి బాగా ఉన్న ఉదయాల్లో దించొద్దు. ప్లాస్టిక్ పెళుసుగా ఉండి మడత దగ్గర పగులుతుంది. కాసేపు ఎండ తగలనిచ్చి, వేలితో నొక్కితే వంగుతోందని చూసుకున్నాక దించండి.

సుధ

జిప్పు కూడా బిగుసుకుపోయింది. దానికి నూనె వేయొచ్చా?

టాప్_దర్జీ

నూనె వద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది, వినైల్ మీదికి పాకి మరక కూడా చేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి పళ్లు శుభ్రం చేసి, ఆరాక కొవ్వొత్తి ముక్కను పళ్ల వెంబడి రుద్దండి. బలవంతంగా లాగకండి. అప్పటికీ కదలకపోతే ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.